యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక అవ్వకు విరేచనాలు: ఇంకో స్ట్రిప్ వేయొచ్చా?

చంద్రగిరి మనవడు:

అందరికీ నమస్కారం. మా అవ్వ గురించి అడుగుతున్నా. వయసు డెబ్బై దాటింది, చంద్రగిరిలో మాతోనే ఉంటుంది. పోయిన నెల దగ్గు, కఫం, జ్వరం వస్తే దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపించాం. యాంటీబయాటిక్ రాశారు. దగ్గు తగ్గింది. కానీ కోర్సు అయిపోయిన కొద్ది రోజులకే విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఐదారు సార్లు, నీళ్లలాగా. రక్తం పడటం లేదు. కడుపులో మెలిపెట్టినట్టు ఉందంటోంది. సంగటి ముట్టడం లేదు, మజ్జిగ మాత్రం తాగుతోంది.

మెడికల్ షాపులో చెబితే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన యాంటీబయాటిక్ స్ట్రిప్ ఒకటి, విరేచనాలు ఆగడానికి లోపెరమైడ్ ఇచ్చారు. ఇంకా వేయలేదు. మా పక్కింట్లో ఉండే నర్సమ్మ చూసి, "కడుపులో ఉన్న మంచి బ్యాక్టీరియాను మొదటి మందు చంపేసింది, దాని మీద మళ్లీ ఇదా" అంది. నాకు అర్థం కాలేదు. బ్యాక్టీరియా వల్ల జబ్బులు వస్తాయనే కదా బడిలో చదువుకున్నాం. అవి మనల్ని కాపాడటం ఏమిటి? ఇంకో సంగతి, అవ్వ చాలా ఏళ్లుగా పొద్దున్నే పాంటాప్రజోల్ వేసుకుంటుంది. గ్యాస్ ట్యాబ్లెట్ అంటుందే, అదే. దానికీ దీనికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

పలమనేరు పాడిరైతు:

మిగతావన్నీ తర్వాత, ముందు ఓఆర్‌ఎస్ పట్టు నాయనా. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి ఇవ్వకూడదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు కొనొద్దు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లేని డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చిన ఆదేశం అది. పెద్దామెకు ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీల మీద పడుతుంది. జాగ్రత్త.

ల్యాబ్ అక్క, తిరుపతి:

తమ్ముడూ, ఆ స్ట్రిప్ పక్కన పెట్టు. లోపెరమైడ్ అసలు వేయొద్దు. పాడిరైతు అన్న చెప్పినట్టు ఓఆర్‌ఎస్ తాగిస్తూ, అవ్వను ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. రుయా అయినా స్విమ్స్ అయినా నీకు దగ్గరే. దగ్గుకు వాడిన మందుల చీటీ తప్పకుండా చూపించు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి కోసం మలం పరీక్ష అవసరమా అని నువ్వే అడుగు. ల్యాబుల్లో దాన్ని సీ డిఫ్ అంటాం. క్రిములను పెంచి చూసే మామూలు మలం కల్చర్‌లో అది బయటపడదు, దాని విషాన్ని పట్టే పరీక్ష వేరే ఉంటుంది, డాక్టరు విడిగా రాయాలి. నిజంగా అదే అయితే, పేగు కదలికను ఆపే లోపెరమైడ్ లాంటి మందు ఆ విషాన్ని లోపలే నిలబెట్టే ప్రమాదం ఉంది. అందుకే వద్దంటున్నాను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మలం శాంపిళ్లను క్రిములు పెరిగే మెకాంకీ అగార్ ప్లేట్ల మీద గీసి, మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్‌లోంచి తీసి చూడటం నా పని. గులాబీ రంగులో కనిపించే కాలనీలు, అంటే క్రిముల గుంపులు, ఎక్కువగా ఈ కోలై, అవి అందరి పేగుల్లోనూ ఉండేవే. రంగు లేకుండా పాలిపోయినట్టు ఉన్నవాటిని అనుమానించి ముందుకు పరీక్షిస్తాం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా, షిగెల్లా అలా కనిపిస్తాయి కాబట్టి. ఏ జబ్బూ లేని మనిషి శాంపిల్ వేసినా ప్లేటు నిండా బ్యాక్టీరియా పెరుగుతుంది. కొత్తగా చేరిన ట్రైనీ పిల్లలు అది చూసి హడలిపోయేవాళ్లు. ఆ ప్లేటు మీద పెరిగేది కూడా చాలా కొద్ది భాగమే. పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియాలో అత్యధికం గాలి తగిలితే బతకనివి, మామూలు ప్లేట్ల మీద అవి కనిపించనే కనిపించవు.

అవన్నీ కలిపితే ఎన్ని? ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2016లో వేసిన లెక్క ప్రకారం డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది, దాదాపు మన సొంత కణాలు ఎన్నో అంత. బరువు మాత్రం 200 గ్రాములే. దాదాపు అంతా పెద్దపేగులోనే.

మనం మింగే ప్రతి ముద్దతో, ప్రతి గుక్కతో బయటి క్రిములు కొన్ని లోపలికి పోతూనే ఉంటాయి. వాటిలో చాలావరకు కడుపులోని ఆమ్లంలోనే చస్తాయి. దాన్ని తప్పించుకున్నవి చిన్నపేగులో పడతాయి. అక్కడ పిత్తరసం ఉంటుంది, పేగు మడతల అడుగున పానెత్ కణాలు అనేవి క్రిములను చంపే ప్రొటీన్లు వదులుతుంటాయి. పేగు లోపలి పొర మీద జిగురు ఎప్పుడూ కప్పుకుని ఉంటుంది. ఐజీఏ అనే యాంటీబాడీ రోజూ గ్రాముల లెక్కన ఆ జిగురులోకి వస్తుంది. క్రిములకు అంటుకుని వాటిని గోడకు చేరనివ్వకుండా చేస్తుంది. మన శరీరం తయారుచేసే యాంటీబాడీల్లో అన్నిటికన్నా ఎక్కువ ఇదే. ఆ పొరలోని కణాలు కూడా నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి, వాటిని పట్టుకున్న క్రిమి వాటితోనే బయటికి పోతుంది.

ఇవన్నీ మన ఒంటివి. పెద్దపేగు దగ్గరికి వచ్చేసరికి కాపలా పనిలో చాలా భాగం అక్కడ కాపురముంటున్న బ్యాక్టీరియాదే. దీన్ని స్పష్టంగా చూపించిన పాత ప్రయోగం ఒకటుంది, ట్రైనీలకు ఎప్పుడూ చెప్పేదాన్ని. 1954లో షికాగో విశ్వవిద్యాలయంలో బోన్‌హాఫ్, మిల్లర్ బృందం ఎలుకలకు సాల్మొనెల్లా తాగించింది. మామూలు ఎలుకల్లో సగానికి ఇన్ఫెక్షన్ రావాలంటే సుమారు లక్ష క్రిములు కావాల్సి వచ్చింది. ముందుగా స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు తాగించిన ఎలుకలకు పది కూడా అక్కర్లేకపోయింది. ఎలుకలు అవే, సాల్మొనెల్లా అదే. మధ్యలో పోయింది పేగులోని బ్యాక్టీరియా మాత్రమే.

అలిపిరి నుంచి కొండకు పోయే బస్సు చూశావు కదా, ఘాట్ రోడ్డులో నిలబడి ప్రయాణించనివ్వరు, సీట్లు నిండాయంటే కొత్తవాళ్లకు చోటు లేదు. పేగులోనూ అంతే. కాకపోతే ఈ పాతవాళ్లు ఊరికే కూర్చోరు. మనకు అరగని పీచును పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తారు. పెద్దపేగు లోపలి కణాలకు ప్రధాన ఆహారం ఆ బ్యుటిరేటే. దాన్ని మండించుకోవడానికి ఆ కణాలు ఆక్సిజన్‌ను వాడేస్తాయి కాబట్టి పేగు లోపల ఆక్సిజన్ మిగలదు. ఆక్సిజన్ దొరికితే సాల్మొనెల్లా లాంటివి రెచ్చిపోతాయి, దొరక్కపోతే అణిగి ఉంటాయి. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే: మనం తిన్న పీచు బ్యాక్టీరియాకు, వాటి ఆమ్లం మన కణాలకు, మన కణాలు ఆక్సిజన్ తాగేయడం మళ్లీ ఆ బ్యాక్టీరియాకు మేలు.

సీ డిఫ్ సంగతీ దీనితోనే ముడిపడి ఉంది. దాని బీజాలు చాలా మొండివి, ఆసుపత్రుల్లో, ఇళ్లలో, మట్టిలో ఉంటాయి. మన పేగులోకి వచ్చినా మామూలుగా ఎదగలేవు, ఎందుకంటే కొన్ని జాతుల బ్యాక్టీరియా పిత్తరసంలోని లవణాలను మార్చి, సీ డిఫ్‌కు సరిపడని పదార్థాలుగా చేస్తాయి. యాంటీబయాటిక్‌తో ఆ జాతులు పోతే ఈ బీజాలు మొలకెత్తుతాయి. పెద్దవయసువాళ్లలో ఇది ఎక్కువ. కోర్సు నడుస్తుండగానే రావచ్చు, అయిపోయిన కొన్ని వారాలకూ రావచ్చు. ఇంకోటి, దాని బీజాలు శానిటైజర్‌కు చావవు. అవ్వను చూసుకునేవాళ్లు సబ్బుతో, నీళ్లతోనే చేతులు కడుక్కోవాలి. లెట్రిన్‌ను బ్లీచింగ్‌తో కడగండి.

భయపెట్టాలని కాదు. యాంటీబయాటిక్ తర్వాత వచ్చే విరేచనాల్లో ఎక్కువ భాగం సీ డిఫ్ కాదు. పులియబెట్టే బ్యాక్టీరియా తగ్గిపోతే అరగని పిండిపదార్థం అలాగే పేగులో ఉండి నీళ్లను లాగుతుంది, అంతే. అది కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కానీ ఏదో తేలకుండా రెండో యాంటీబయాటిక్ వేస్తే, మిగిలిన ఆ కాస్త బ్యాక్టీరియాను కూడా ఊడ్చినట్టవుతుంది.

మెడికల్ షాపు నడుపుతున్న ఒకడిని:

మేడమ్ చెప్పింది సరే. కౌంటర్ ఇవతల నుంచి కూడా ఒక మాట. పొద్దున లేస్తే "మోషన్లు, ఏదైనా గట్టిది ఇవ్వు" అంటూ వస్తారు. ఓఆర్‌ఎస్ ఇస్తే "పొడి ఇచ్చి పంపుతున్నావా" అని పక్క షాపుకు పోతారు. డాక్టరు ఫీజు, ఆటో, ఒక రోజు కూలి, ఇవన్నీ లెక్కేసుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఇంకోటి, మా చిన్నోడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు బతికించింది యాంటీబయాటిక్కే. అవి చెడ్డవని జనం అనుకుంటే అసలు అవసరమైనప్పుడు కూడా ఆపేస్తారని నా భయం.

ల్యాబ్ అక్క, తిరుపతి:

తమ్ముడూ, నీ భయం న్యాయమైనదే. టైఫాయిడ్‌కు, రక్తం పడే జిగట విరేచనాలకు, తీవ్రమైన కలరాకు యాంటీబయాటిక్ కావాలి, పూర్తి కోర్సు వాడాలి. ఇందులో రెండో మాట లేదు. అవ్వకు సీ డిఫ్ అని తేలినా దానికీ నోటి ద్వారా ఇచ్చే వాంకోమైసిన్ వంటి మందు డాక్టరు రాస్తారు.

టైఫాయిడ్ అయితే నేను పైన చెప్పిన కాపలా అంతటినీ దాటే రకం. చిన్నపేగు గోడలో పేయర్ పాచెస్ అని రోగనిరోధక కణాల గుంపులుంటాయి. స్విట్జర్లాండ్ వైద్యుడు పేయర్ 1677లో వాటిని వర్ణించాడు. లోపలికి వచ్చింది ఎవరో పసిగట్టడానికి పేగులోంచి నమూనాలు లాక్కునే చోటు అది. టైఫాయిడ్ క్రిమి సరిగ్గా ఆ దారినే లోపలికి దూరి, తనను మింగిన కణాల్లోనే పెరుగుతుంది. మందు ఇవ్వకుండా వదిలేస్తే మూడో వారానికి ఆ పాచెస్ పుండుపడి పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. అందుకే జ్వరం మొదటి వారంలోనే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, రక్తం కల్చర్‌కు పంపండి. విడాల్ అనే రక్తపరీక్ష ఒక్కటే చూసి టైఫాయిడ్ అని మందు మొదలుపెట్టడం నన్ను ఉద్యోగమంతా బాధపెట్టిన విషయం. పాత ఇన్ఫెక్షన్‌కూ, వేరే జ్వరాలకూ అది పాజిటివ్ చూపిస్తుంది.

ఇక ఓఆర్‌ఎస్‌ను పొడి అని తీసిపారేసేవాళ్లకు ఇది చెప్పు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ బాటిళ్లు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ములతో తాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగులోపుకు తగ్గాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. విరేచనాల్లోనూ ఉప్పును, గ్లూకోజును కలిపి పీల్చుకునే దారి పేగులో చెడిపోకుండా ఉంటుంది, ఆ పొడి పనిచేసేది అందుకే. నీ కౌంటర్ దగ్గర ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే, నువ్వు చేసే మేలు ఏ డాక్టరూ చేయలేడు, ఎందుకంటే వాళ్లు మొదట వచ్చేది నీ దగ్గరికే.

చంద్రగిరి మనవడు:

అక్కా, తీసుకెళ్లాం. టాక్సిన్ పరీక్ష నెగటివ్ వచ్చింది. ఒక రోజు సెలైన్ పెట్టి పంపించారు. ఇప్పుడు చాలా నయం, ఈ పొద్దు కాస్త సంగటి తింది. గ్యాస్ ట్యాబ్లెట్ ఎందుకు వాడుతోందో చీటీ తెమ్మన్నారు, మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు! ఒకరేమో మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ నెల రోజులు వేయమంటున్నారు, ఇంకొకరు సద్దన్నం పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

ల్యాబ్ అక్క, తిరుపతి:

చాలా సంతోషం. మనసు కుదుటపడింది.

గ్యాస్ ట్యాబ్లెట్ గురించి. ఆమ్లం ఎంత పనిచేస్తుందో కలరా మీద జరిగిన పరీక్షల్లో తేలింది. తమంతట తాము ముందుకొచ్చిన ఆరోగ్యవంతులకు వంటసోడాతో ఆమ్లం తగ్గించి క్రిమిని తాగిస్తే, మామూలుగా కోట్లకొద్దీ కావాల్సినచోట కొన్ని లక్షలే చాలాయి. పాంటాప్రజోల్ చేసేది ఆమ్లాన్ని తగ్గించడమే. దీర్ఘకాలం వాడేవాళ్లలో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్, సీ డిఫ్ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తాయి. అలాగని మీరంతట మీరు ఆపేయొద్దు. గుండె కోసం యాస్పిరిన్ వాడుతుంటే కడుపులో పుండు పడకుండా ఇచ్చి ఉండవచ్చు. ఎప్పుడో పది రోజులకు రాసినదాన్ని ఎవరూ ఆపమనకపోవడంతో అలా సాగుతూ కూడా ఉండవచ్చు, అలాంటి ఇళ్లు నాకు చాలా తెలుసు. డాక్టరే తేల్చాలి. ఉన్నట్టుండి ఆపితే ఆమ్లం ఒక్కసారిగా ఎక్కువై మంట రావచ్చు, కొన్నిసార్లు మెల్లగా తగ్గించాల్సి ఉంటుంది.

క్యాప్సూల్స్ విషయంలో నేను తొందరపడను. యాంటీబయాటిక్ నడుస్తున్నప్పుడు కొన్ని రకాలు విరేచనాలను కొంత తగ్గిస్తాయన్నది నిజమే. కానీ 2018లో మళ్లీ వైజ్‌మన్ వాళ్లే యాంటీబయాటిక్ అయ్యాక ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ల పేగులోకి కెమెరా పంపి చూస్తే, ఏమీ తీసుకోనివాళ్లకన్నా వాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. డబ్బాలోంచి వచ్చిన నాలుగైదు జాతులు వందల జాతుల పని చేయలేవు. సీ డిఫ్ పదే పదే తిరగబెట్టే రోగులకు ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియా మొత్తాన్నీ పేగులోకి ఎక్కిస్తారు. 2013లో నెదర్లాండ్స్‌లో 16 మందికి అలా చేస్తే 13 మందికి ఒక్కసారికే నయమైంది. ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ పనిచేసింది ఒకటో రెండో జాతులు కాదు, ఊరు ఊరంతా. చదివి వినిపించినప్పుడు మా ల్యాబులో కొందరు మొహం చిట్లించారు కానీ, మలాన్ని రోజూ చూసే మాకు దాని విలువ తెలియాలి.

అవ్వకు మిగిలిన బ్యాక్టీరియాకు తిండి పెడితే అవే పెరుగుతాయి. వాటి తిండి పీచు. మన జిల్లా వంటలో దానికి కొదవ లేదు. రాగిసంగటి, అలసందలు, సీజన్‌లో అనపగింజల పితికిపప్పు, ఆకుకూరల పప్పు. కడుపు పూర్తిగా కుదుటపడ్డాక కొద్దికొద్దిగా మొదలుపెట్టండి, మొదటి రోజే పితికిపప్పు పెడితే ఉబ్బరం వస్తుంది. మజ్జిగ ఇవ్వండి, మంచిదే. పెరుగులో క్రిములు పేగులో స్థిరపడవు, రోజూ వచ్చి పోతుంటాయి, అయినా అరుగుదలకు తేలిక. సద్దన్నం నాకూ ఇష్టమే, కానీ ఇప్పుడే వద్దు. రాత్రంతా బయట ఉన్న అన్నంలో పనికిరాని క్రిములు కూడా పెరగవచ్చు, అవ్వకు కాపలా ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. కొన్నాళ్లు ఆగి, శుభ్రమైన నీళ్లతో, బాగా పులిసినది పెట్టండి.

తిరుచానూరు చెల్లి:

అక్కా, మధ్యలో అడుగుతున్నానని ఏమనుకోకండి. నాకు రెండు నెలల పాప. సిజేరియన్ అయింది, నాకూ పాపకూ యాంటీబయాటిక్ ఇచ్చారు. ఇది చదివినప్పటి నుంచి దిగులుగా ఉంది. పాపకు అసలు ఈ మంచి బ్యాక్టీరియా వచ్చిందా? మా అత్తమ్మ రోజూ వస, తేనె నాకిస్తే కడుపు గట్టిపడుతుందంటున్నారు.

ల్యాబ్ అక్క, తిరుపతి:

చెల్లీ, దిగులు పడకు. అవసరమై ఇచ్చిన మందు అది. నీ పాలు ఇస్తున్నావా? ఇస్తుంటే పాపకు దొరకాల్సింది దొరుకుతోంది. తల్లిపాలలో ఐజీఏ ఉంటుంది, అది నువ్వు ఈ ఊళ్లో, ఈ ఇంట్లో ఎదుర్కొన్న క్రిములకు తగ్గట్టు తయారైనది. ఇంకా పాలలో కొన్ని చక్కెరలు ఉంటాయి, వాటిని బిడ్డ అరిగించుకోలేదు. అవి బిడ్డ కోసం కాదు, బైఫిడో బ్యాక్టీరియా కోసం. ఆ బ్యాక్టీరియా వాటిని తిని పేగును ఆమ్లంగా ఉంచి మిగతా క్రిములను అణుస్తుంది. సిజేరియన్ పిల్లల్లో ఇది కొంచెం ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేల మందికి పైగా నవజాత శిశువుల మీద జరిగిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. తల్లిపాలు తాగే పిల్లలకు మొదటి వారంలో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక రకాన్ని, దానికి తిండిగా ఒక చక్కెరను కలిపి ఇస్తే, సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్ర ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. అది ఆ ఒక్క రకానికి వచ్చిన ఫలితం, షాపులో దొరికే ప్రతి చుక్కల మందుకూ వర్తించదు. నువ్వు ఏదీ కొనక్కర్లేదు. ఆరు నెలలు నీ పాలు తప్ప నీళ్లు కూడా వద్దు.

వస, తేనె మాత్రం ఈ రోజే ఆపించు. అత్తమ్మ ప్రేమతోనే పెడుతున్నారు, ఆమెకు కారణం చెబితే వింటారు. తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ బీజాలు ఉండవచ్చు. మనం తిన్నా మన పేగులోని బ్యాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వదు కాబట్టి మనకేమీ కాదు. ఏడాది లోపు పిల్లలకు ఆ కాపలా ఇంకా కుదురుకోదు. బీజాలు పేగులోనే మొలకెత్తి నరాలను చచ్చుబడేసే విషం వదులుతాయి. అందుకే ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా నాకించకూడదు. ఇది అరుదైన జబ్బు, ఇన్నాళ్లు పెట్టారని కంగారు పడొద్దు. అయితే ఈ కొన్ని వారాలు గమనించు. మూడు నాలుగు రోజులు మోషన్ రాకపోవడం, పాలు చీకే బలం తగ్గడం, ఏడుపు నీరసంగా మారడం, మెడ, చేతులు వేలాడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం చేయకుండా పాపను నేరుగా పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లి, తేనె పెట్టిన సంగతి డాక్టరుకు ముందే చెప్పు.